ఇంకా వేరే గ్రూపెందుకని అడిగేవాళ్ళకి

"ఇంకా ఆ వేరే గ్రూపు అవసరమా?" అని మా పుస్తకాల గ్రూపులో ఇప్పుడు చర్చ నడుస్తోంది. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల చదివే అలవాటు వున్నవాళ్ళం 2020లో కరోనా రోజుల్లో వాట్సాప్‌లో ఒక గ్రూపుగా చేరాం. చేరింది సరదాకే. చదివిన కథ గురించి నాలుగు మాటలు రాసుకోవటం, దొరకని పుస్తకాల్ని ఒకరికొకరు ఇచ్చుకోవటం, అంతే. ఏడాది తిరక్కుండానే అందులోని ఆడవాళ్ళం పక్కన ఇంకో గ్రూపు పెట్టుకున్నాం. ఇప్పుడు దాన్ని మూసెయ్యమంటున్నారు. పెద్ద గ్రూపులో సగానికి పైగా ఆడవాళ్ళే అయ్యారు, ముగ్గురు అడ్మిన్లలో ఇద్దరు ఆడవాళ్ళే, పిచ్చి జోకులు పెడితే తీసేసే నియమం కూడా వచ్చింది, మరింక చాటుమాటు దేనికి అని వాదన. ఈ మాట అంటున్నవాళ్ళలో మా మంచి కోరేవాళ్ళున్నారు. మా తోటి ఆడవాళ్ళూ వున్నారు. అందుకే జవాబు కాస్త వివరంగా చెప్పాల్సి వస్తోంది. మూసెయ్యకూడదన్నది నా వాదన.

ముందు ఆ "ఇంకా" అన్న మాట చూడండి. వరదలొచ్చినప్పుడు బడిలో పెట్టిన సహాయ శిబిరంలాగా మా గ్రూపుని చూస్తున్నారు. నీళ్ళు తీశాయి కదా, ఇంక ఇళ్ళకి పొండి అన్నట్టు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళని మీకింకా ఈ వేరే ఆట ఎందుకని ఎవరూ అడగరు. అక్కడ పాడతారే తప్ప ఎవరి రచన మీదా తీర్పులు చెప్పరు కదా! బస్టాండు ముందు టీ కొట్టు దగ్గర రోజూ సాయంత్రం గంటలకొద్దీ కూచునే మగవాళ్ళది కూడా ఒక గ్రూపే. దానికి పేరు లేదు, అడ్మిన్ లేడు, అవసరమా అని అడిగేవాళ్ళూ లేరు. సంజాయిషీ చెప్పుకోవాల్సిన గ్రూపు ఎప్పుడూ మాదే.

సమస్య తీరిపోయిందంటున్నారు. ఏ సమస్య? మేం వేరే గ్రూపు పెట్టుకున్నది పిచ్చి జోకుల వల్ల కాదు. వాట్సాప్ గ్రూపులో చేరగానే మన ఫోన్ నంబరు అందులో వున్న ప్రతి ఒక్కరికీ కనబడుతుంది. పగలు ఒక కథ మీద ఒకామె నాలుగు వాక్యాలు రాస్తుంది. రాత్రి పదకొండింటికి ఆమెకి విడిగా మెసేజ్ వస్తుంది, "మీ విశ్లేషణ చాలా బాగుంది మేడమ్" అని. మర్నాడు "భోజనం అయిందా మేడమ్?" ఆ తర్వాత "డీపీ బాగుంది". ఇందులో తప్పు పట్టటానికి ఒక్క మాట కూడా దొరకదు. పోలీసు షీ టీములు తెలంగాణలో 2014 నుంచి వున్నాయి, కానీ భోజనం అయిందా అని అడిగాడని ఫిర్యాదు ఎవరిస్తారు? ఇంట్లో చెప్తే నువ్వసలు ఆ గ్రూపులో ఎందుకున్నావంటారు. ఆమె చేసే పని ఒకటే, కథల మీద రాయటం మానెయ్యటం.

ఆడవాళ్ళ గ్రూపులో ఒకరోజు నలుగురు తమకొచ్చిన మెసేజ్‌లు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఒకే నంబరు. అవే మాటలు, అదే వరస, పదకొండింటికే. అప్పటిదాకా నలుగురూ ఎవరికి వాళ్ళు తామేదో చనువిచ్చామేమోనని లోపల్లోపల కుమిలారు. అది తమ తప్పు కాదని, అతనికిది ఒక పద్ధతని ఆ రోజు తేలింది. పెద్ద గ్రూపు నియమాలు గ్రూపులో పెట్టిన మాటని పట్టుకోగలవు. గ్రూపు సాకుతో విడిగా జరిగేది వాటికి అందదు. అడ్మిన్ ఆడమనిషైనా అంతే, ఆమె ఫోన్‌కి రాని మెసేజ్ ఆమెకెలా తెలుస్తుంది?

రెండో వాదన సంఖ్య గురించి. సగానికి పైగా ఆడవాళ్ళే కదా అంటున్నారు. సభ్యుల జాబితా లెక్కపెడితే నిజమే, మరి మాటలు ఎవరివో లెక్కపెట్టండి. పెద్ద గ్రూపులో ఏ కథ మీదైనా ముందు ఒక పెద్దమనిషి మూడు తెరల పొడవున వ్యాసం పెడతారు. దానికి ఇంకో పెద్దమనిషి ఖండన. ఆడవాళ్ళవి చేతులు జోడించిన బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. ఫోన్ ఎవరిది అన్న ప్రశ్న కూడా వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. తాము వాడుకునేందుకు సొంతంగా ఫోన్ వున్న స్త్రీలు సగానికి కాస్త పైన. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, సందేహం లేదు. అయినా మా గ్రూపులోనే కొడుకు చదువుకోటానికి కొన్న ఫోన్‌లో, వాడు పడుకున్నాక చదివేవాళ్ళున్నారు.

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో వున్న మిత్రులకి అర్థం కానిది ఇంకొకటుంది. అక్కడ ఇలాంటి గ్రూపంటే చాలామటుకు ముక్కూమొహం తెలియనివాళ్ళు. చిన్న టౌన్లో తెలియనివాళ్ళంటూ లేరు. మా పెద్ద గ్రూపులో ఒకామె భర్త వున్నాడు, ఇంకొకామె బావగారున్నారు, మరొకామె పనిచేసే బడి హెడ్మాస్టరున్నారు, మా అందరి పిల్లలకీ లెక్కలు చెప్పిన సారున్నారు. పెళ్ళి గురించిన కథ ఒకటి చర్చకొస్తుంది. ఆ కథలో భార్య ఎందుకు మాట్లాడకుండా వుండిపోయిందో ఒకామెకి బాగా తెలుసు. తెలిసిన విషయాన్ని రాసిందనుకోండి, అది కథ మీద అభిప్రాయంగా ఎవరూ చదవరు. వాళ్ళింటి సంగతిగా చదువుతారు. తెల్లారేసరికి "మీ ఆవిడ ఏదో రాసింది చూసినవా?" అని టీ కొట్టు దగ్గర అడుగుతారు. అందుకని ఆమె "శైలి బాగుంది" అని రాసి వూరుకుంటుంది. సాహిత్యంలో స్త్రీలకి విమర్శనాశక్తి తక్కువని వ్యాసాలు రాసేవాళ్ళు ఈ "శైలి బాగుంది" వెనక ఏముందో ఒక్కసారి ఆలోచిస్తే బాగుండు. అదే కథ మీద అదే మనిషి మా చిన్న గ్రూపులో వాయిస్ మెసేజ్‌లో ఏడు నిమిషాలు మాట్లాడింది. నేను ఇన్నేళ్ళ పాఠాల్లో విననంత మంచి విమర్శ అది.

విడిపోవటం ఐక్యతకి భంగం అన్నది మూడో వాదన. దీనికి జవాబు మా ప్రాంతం చరిత్రలోనే వుంది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధనీ థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు స్త్రీవిద్య కోసం జీవితం ధారపోసిన మహర్షి కర్వే. ఆ సభలో వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే మరాఠీవాళ్ళు గోలచేసి ఎగతాళి చేశారు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువాళ్ళు టేకుమాల రంగారావు ఇంట్లో కూచుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. అంటే సంస్కర్తలతో నిండిన వుమ్మడి సభలో నోరు తెరవనివ్వకపోతే వేరే గదిలోకి వెళ్ళారన్న మాట. దాన్ని ఐక్యతకి భంగమని ఇవాళ ఎవరూ అనరు. తెలంగాణ చైతన్యానికి తొలి అడుగని పాఠ్యపుస్తకాల్లో రాసుకుంటున్నాం.

ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అక్కడే పక్కన మహిళా సభ జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. మరుసటేడు దేవరకొండలోనూ అంతే. 1941లో మా హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదో మహాసభ జరిగితే, మహిళా సభకి రంగమ్మ ఓబుల్‌రెడ్డి అధ్యక్షత వహించారు. చిలుకూరు సభ గురించి ఇక్కడ చాలామందికి తెలుసు. ఆ వూళ్ళోనే రెండో సభ కూడా జరిగిందని, దానికో అధ్యక్షురాలుందని ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. బాల్యవివాహాలు, వితంతువుల బాధలు, ఆడపిల్లల చదువు ఎవరూ అడ్డుపడకుండా మాట్లాడుకునే చోటు ఆ రెండో సభ.

తర్వాత సాయుధ పోరాటం వచ్చింది. ఆడవాళ్ళు దళాల్లో, రక్షణ ఇచ్చే ఇళ్ళల్లో, కొరియర్లుగా మగవాళ్ళతో కలిసే నడిచారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక వాళ్ళలో ఎక్కువమంది తిరిగి ఇళ్ళల్లోకే వెళ్ళాల్సి వచ్చింది. మగ నాయకులు చరిత్రలూ ఆత్మకథలూ రాసుకున్నారు. పోరాటంలో గర్భిణిగా అడవిలో తిరగటం, కన్నబిడ్డని వదులుకోవటం, పార్టీలో తమ మీద పడిన అనుమానాలు, ఇవి మాట్లాడటానికి వాళ్ళకి చోటు లేకపోయింది. ఆ చోటు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' రూపంలో దొరికింది. దాన్ని తెచ్చింది స్త్రీశక్తి సంఘటన, ఆడవాళ్ళు వేరుగా పెట్టుకున్న సంఘమే. పోరాటం ముగిసిన 35 ఏళ్ళకి. అందరం ఒకటే అన్న పెద్ద గదిలో ఆ మాటలు 35 ఏళ్ళూ ఎవరికీ వినిపించలేదు.

ఇంటర్నెట్‌లో కూడా ఇది కొత్త కాదు. కూడలి, జల్లెడ, హారం వంటివి నడిచిన రోజుల్లో తెలుగు బ్లాగులు రాసే ఆడవాళ్ళు జ్యోతి వలబోజు చొరవతో ప్రమదావనం అని ఒక గ్రూపు పెట్టుకుని కబుర్లు చెప్పుకున్నారు, సేవా కార్యక్రమాలు చేశారు. ఇంకా వెనక్కి పోతే 1902లో బందరులో భండారు అచ్చమాంబ చొరవతో వచ్చిన బృందావన స్త్రీసమాజం వుండనే వుంది. వుత్తరాలు పోయి వాట్సాప్ వచ్చింది, ప్రశ్న మాత్రం మారలేదు.

అయితే ఈ ప్రశ్నని మగవాళ్ళే అడుగుతారనుకుంటే పొరపాటు. వేరే సభ కోసం విడివడి వచ్చినవాళ్ళే తర్వాత వచ్చినవాళ్ళని అడుగుతారు. తెలుగుకి జరిగిన అవమానంతో పుట్టిన సంఘం పెట్టుకున్న జోగిపేట సభలోనే అంటరానితనం మీద భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటానికి సనాతనులు అడ్డం పడ్డారు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు అది స్త్రీలందరి గొంతు అనుకున్నాం. ఈ 'అందరి'లో మేమెక్కడున్నామని దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు నిలదీశారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు', 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చాయి. అప్పుడు మనలో కొందరు ఏమన్నారో గుర్తుందా? "మనలో మనకి వేరెందుకు?" అన్నారు. బస్టాండు ముందు టీ కొట్టు దగ్గర వినిపించే మాటకీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు.

మా చిన్న గ్రూపులోనూ అదే జరిగింది. ఇద్దరు ముగ్గురు విడిగా మాట్లాడుకుంటున్నారని తెలిసి మిగతావాళ్ళు నొచ్చుకున్నారు. వాళ్ళు విడిగా మాట్లాడుకున్నది మా గ్రూపులో వంటల గురించి, పండగల గురించి నడిచే మాటల్లో ఎవరి వంటలు, ఎవరి పండగలు వుంటాయన్న దాని గురించి. ఆదివారం మాంసం వండితే ఫొటో పెట్టాలా వద్దా అని తటపటాయించాల్సిన గ్రూపు ఎవరికి ఇల్లవుతుంది? వాళ్ళకీ వేరే గది వుండాల్సిందే. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో మనకి చెప్పాల్సిన పని వాళ్ళకి లేదు. మన వేరే గ్రూపుని సమర్థించుకుని వాళ్ళ వేరే గ్రూపుని ప్రశ్నించే హక్కు మనకెక్కడిది?

ఒక్క అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోలేను. మంచి మాటలన్నీ చిన్న గ్రూపులో ఖర్చయిపోయి పెద్ద గ్రూపు శుభోదయాలకీ ఫార్వర్డులకీ మిగులుతోందని పెద్ద గ్రూపు అడ్మిన్లలో ఒకామె బాధపడింది. నిజమే. మనం చాటున మాట్లాడుకున్నంతకాలం ఆ ఏడు నిమిషాల విమర్శ వూళ్ళో మగవాళ్ళెవరూ వినరు, మారరు. కాని దీనికి మందు చిన్న గ్రూపుని మూసెయ్యటమా? మా గ్రూపులో ఒక పెద్దావిడ వుంది. వాళ్ళమ్మ పోరాటం రోజుల్లో దళాలకి అన్నం మోసింది. ఆ సంగతులు రాసి ముందు పెద్ద గ్రూపులోనే పెట్టింది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది, "అమ్మా, ఆ సంఘటన 1947 కాదు, 48" అని. ఇంకొకరు ఆ దళ నాయకుడి పేరు సరిచేశారు. అంతటితో అది అయిపోయింది. అదే రాతని ఆమె మా గ్రూపులో పెడితే, "అన్నం ఎవరింట్లో వండేవారు? బియ్యం ఎక్కడివి? మీ నాయనకి తెలుసా?" అని అడిగారు. ఆమె ఇప్పటికి నలభై పేజీలు రాసింది. పూర్తయ్యాక అచ్చేస్తుంది, పెద్ద గ్రూపువాళ్ళూ చదువుతారు. సంవత్సరం సరిచెయ్యాలంటే అప్పుడు సరిచెయ్యొచ్చు. చిన్న గ్రూపు లేకపోతే సరిచెయ్యటానికి ఆ నలభై పేజీలే వుండేవి కావు.

మూసెయ్యాలా వద్దా అన్నదాని మీద పెద్ద గ్రూపులో ఓటు పెడతామంటున్నారు. అది కుదరదు. ఆ గ్రూపులో లేనివాళ్ళు దాని చావుబతుకులు తేల్చటమేమిటి? ఓటు పెట్టాలంటే చిన్న గ్రూపులో పెట్టండి, అదీ ఎవరు ఎటు వేశారో కనబడకుండా. వాట్సాప్ పోల్‌లో ఓటేసినవాళ్ళ పేర్లు కనబడతాయి గనక చీటీలు రాసుకుని ఎవరింట్లోనైనా కూడదాం. పెద్దావిడ తన నలభై పేజీలు తెస్తానంది, అవి కూడా ఆ రోజే చదువుదాం.