నలుగురి మాట

పిల్లలూ,

"నలుగురూ ఏమంటారు?" అని మన పెద్దలు తరచు అంటూ ఉంటారు. ఆ నలుగురి మాటకే ప్రజాభిప్రాయమని పేరు. దాని బలమెంతో చూడండి.

నల్లమల అడవిలో అమ్రాబాదు ప్రాంతమున్నది. అది పులులకు నెలవు. చెంచులు అక్కడ తరతరాలుగా జీవిస్తున్నారు. ఆ నేలలో యురేనియం కొరకు వెదకాలని కేంద్ర ప్రభుత్వం తలపెట్టింది. యురేనియంతో విద్యుచ్ఛక్తి తయారవుతుంది. కనుక అది పనికిమాలిన వస్తువేమీ కాదు. కాని గనులు తవ్వితే అడవి పోతుందనీ, నీళ్ళు చెడతాయనీ జనం భయపడ్డారు. చెంచులు, విద్యార్థులు, రచయితలు, సినిమా నటులు గొంతు కలిపారు. చివరకు 2019 సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇక మన ఊరి సంగతి. 2020 ఆగస్టు వానలకు హనుమకొండలో, వరంగల్లులో అనేక వీధులు నీట మునిగాయి. వాననీరు పోయే నాలాలను ఆక్రమించి కట్టడాలు లేపటం ఇందుకొక ముఖ్య కారణం. మిగిలిన దారిని చెత్త మూసివేస్తే నీరు ఎటు పోతుంది? ఇళ్ళలోకే గదా!

మొన్న నేనూ, మా వీధి పిల్లలూ కాగితం, పెన్సిలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. "నాలా శుభ్రంగా ఉండాలా?" అని అడిగితే, ఉండాలని అందరూ అన్నారు. "మీరెప్పుడైనా అందులో చెత్త వేశారా?" అన్నది రెండవ ప్రశ్న. కొందరు నవ్వి ఊరుకున్నారు. కొందరు తలుపు వేసుకున్నారు. కొన్ని ఇళ్ళకు తాళాలున్నాయి. పనికి పోయినవారి మాట కూడా వినాలి గనుక, సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. అప్పుడొక అమ్మ, "చెత్తబండి వచ్చే యాళ్లకు నేను పనికి పోత సారూ! ఏం జెయ్యాలె?" అన్నది.

మా లెక్కలన్నిటికంటె ఆ ఒక్క మాట విలువైనది. ఆమెకు చెత్త వేయాలని కోరిక లేదు. వేరే దారి లేదు, అంతే. పక్కింటి కుర్రవాడు, ఆమె బుట్టను రోజూ తానే బండికి అందిస్తానన్నాడు.

చూశారా! మొదటి ప్రశ్నకు అందరూ మంచివారే. రెండవ ప్రశ్న అసలు సంగతి చెబుతుంది. మీరూ మీ వీధిలో అడగండి. అయితే ఎవరినీ తప్పుపట్టకండి. చెప్పింది చెప్పినట్టు వ్రాసుకోండి. మరొక మాట: ఆ రెండవ ప్రశ్న ముందుగా మీ ఇంట్లోనే వేయండి.