బటన్ నొక్కడం హునర్ కాదు బేటా



ఈ మాట కొందరికి చేదుగా ఉంటుంది. అయినా చెప్పక తప్పదు.

పోయిన ఆదివారం మా ఆపా కొడుకు ఇంటికొచ్చాడు. అమీర్‌పేటలో మూడు నెలల క్లౌడ్ కోర్సు పూర్తి చేశాడు. ఆ ఫీజు కోసం ఆపా తన బంగారు గాజులు కుదువ పెట్టింది. ఇంటర్వ్యూలు మూడు అయ్యాయి. మూడూ పోయాయి. "నా నసీబే ఇంత మామూ" అన్నాడు.

నేను ఒకే సవాల్ అడిగాను. "సర్వర్ నడుస్తోంది. కానీ దానికి బయటి ఇంటర్నెట్ అందడం లేదు. ముందు ఏం చూస్తావు బేటా?" వాడు ల్యాప్‌టాప్ తెరిచాడు. కన్సోల్‌లోకి, అంటే బ్రౌజర్‌లో బటన్లుండే పేజీలోకి వెళ్లాడు. అటూ ఇటూ వెతికి, "సార్ చూపించినప్పుడు ఆ బటన్ ఇక్కడే ఉండేది మామూ" అన్నాడు.

ఇందులో నసీబ్ తప్పేముంది? వాడికి తాలీమ్ ఇవ్వలేదు. బటన్లు ఎక్కడున్నాయో బట్టీ పట్టించారు. కంపెనీ ఆ పేజీ డిజైన్ మార్చింది, దాంతో వాడు నేర్చుకున్నదంతా పోయింది.

విషయం పెద్దవాళ్లకూ అర్థమయ్యేలా చెబుతాను. అమెజాన్ క్లౌడ్‌లో మనం కట్టుకునే ప్రైవేటు నెట్‌వర్క్ పేరు వీపీసీ. అందులో మొహల్లాల్లాంటివి సబ్‌నెట్లు. ప్రతి సబ్‌నెట్‌కూ ఒక రూట్ టేబుల్ వర్తిస్తుంది. ఫలానా చిరునామాకు పోయే డేటా ఫలానా గేటు గుండా పోవాలి అని రాసిన జాబితా అది, అంతే. మన నెట్‌వర్క్ 10.0.0.0/16 అనుకోండి. ఆ లోపలి చిరునామాలన్నిటికీ 'లోకల్' అని ఒక లైను ఉంటుంది. మిగతా దునియా మొత్తానికీ 0.0.0.0/0 అని మరో లైను. అది ఇంటర్నెట్ గేట్‌వే వైపో, ఎన్‌ఏటీ గేట్‌వే వైపో చూపిస్తుంది. ఒకే చిరునామాకు రెండు లైన్లు సరిపోతే, ఎక్కువ వివరంగా ఉన్నదే చెల్లుతుంది. కవరు మీద ఊరి పేరుతో పాటు గల్లీ పేరూ ఉంటే పోస్ట్‌మ్యాన్ ఆ గల్లీకే పోతాడు కదా, అలాగే.

ఎవరో ఎన్‌ఏటీ గేట్‌వేని తీసేశారనుకోండి. రూట్ టేబుల్‌లో దాని లైను మాత్రం అలాగే మిగిలిపోతుంది. అప్పుడు ఆ దారి స్థితిని 'బ్లాక్‌హోల్' అని చూపిస్తారు. దర్వాజా లేదు, దారి చూపే బోర్డు మాత్రం ఉంది. పోయిన డేటా పోయినట్టే. నేను వాడిని అడిగిన సవాల్‌కు ఉండగల జవాబుల్లో ఇదొకటి. కమాండ్ లైన్‌లో, అంటే అక్షరాలు కొట్టి పని చెప్పే తెర మీద, 'ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిస్క్రైబ్-రూట్-టేబుల్స్' అని కొట్టి, 'రూట్.స్టేట్' ఫిల్టర్‌కు బ్లాక్‌హోల్ అని ఇస్తే చాలు. ఆ రీజియన్‌లో అలాంటి దారి ఉన్న టేబుళ్లన్నీ ఒక్కసారే బయటపడతాయి. మా వాడు ఒక్కో టేబుల్ తెరిచి చూస్తూ కూర్చుంటాడు.

అయితే నేను వేగం కోసం వాదించడం లేదు. నా వాదన జిమ్మేదారీ గురించి.

నా గలతీ కూడా చెబుతాను. కొన్నేళ్ల కిందట రాత్రి రెండు గంటలప్పుడు కన్సోల్‌లో ఒక రూట్ తీసేశాను. టెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నాననుకున్నాను. తీరా చూస్తే అది అసలు కస్టమర్లు వాడే నెట్‌వర్క్. రెండు పేజీలూ ఒకేలా కనిపించాయి. పక్కన సాథీ ఉన్నాడు, కానీ నేనేం నొక్కబోతున్నానో అతనికి తెలిసే వీలే లేదు. కన్సోల్‌లో నొక్కింది కూడా క్లౌడ్‌ట్రెయిల్‌లో నమోదవుతుంది, నిజమే. కానీ ఆ సబూత్ దొరికేది పని చెడ్డాక. కమాండ్ అలా కాదు. ఏ టేబుల్, ఏ చిరునామా, ఏ గేటు అన్నది ఎంటర్ కొట్టకముందే అక్షరాల్లో కళ్ల ముందుంటుంది. ఇంకొకరికి పంపి "ఒకసారి చూడు భాయ్" అనొచ్చు. ఆ రోజు తర్వాత నేను రూట్ మార్చే పని ఏదీ రెండో మనిషి చదవకుండా చేయలేదు.

"కమాండ్ లైన్ ఖతర్నాక్, ఒక్క తప్పుతో అంతా ఆగిపోతుంది" అని కొందరు ఎతరాజ్ చెబుతారు. మాట నిజమే. 2021 అక్టోబర్ 4 రాత్రి మన ఇళ్లలో వాట్సాప్ ఆగిపోయి, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల మెసేజ్ రాక ఎంతమంది అమ్మీలు కంగారుపడ్డారో గుర్తుందా? ఫేస్‌బుక్ చెప్పిన కారణం మెయింటెనెన్స్ సమయంలో ఇచ్చిన ఒక కమాండ్. అది వాళ్ల డేటా సెంటర్లను కలిపే దారులన్నిటినీ తెంచేసింది. ఇలాంటి కమాండ్‌ను ఆపాల్సిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండి అది కూడా ఆపలేదు. దాదాపు ఆరు గంటలు పట్టింది. దీని నుంచి మనం తీసుకోవాల్సిన సబక్ కమాండ్ మానేయమని కాదు. తనిఖీ గట్టిగా ఉండాలని. కూరలు కోసేటప్పుడు వేలు తెగిందని వంటింట్లోంచి కత్తి తీసేస్తామా?

"ఇప్పుడు కమాండ్ ఏఐ రాసిస్తుంది, నేర్చుకోవడం దేనికి" అని ఇంకొందరు. రాసిస్తుంది, సరే. కానీ ఎంటర్ కొట్టేది మీ అబ్బాయి వేలే కదా. చదవడం రాని కాగితం మీద సంతకం పెట్టి భూములు పోగొట్టుకున్న వాళ్ల కథలు మన ఖాందాన్లలో తక్కువేమీ కాదు.

కాబట్టి అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్. ఫీజు కట్టే ముందు ఆ సార్‌ను ఈ రెండు సవాళ్లు అడగండి. ఒకటి, ఉన్న రూట్‌ను డిలీట్ చేసి కొత్తది క్రియేట్ చేయడానికీ, 'రీప్లేస్-రూట్'తో మార్చడానికీ ఫరఖ్ ఏమిటి? మొదటి పద్ధతిలో మధ్యలో కొంతసేపు అసలు దారే ఉండదు. రెండు, 'డ్రై-రన్' ఏం చెబుతుంది? ఆ పని చేసే ఇజాజత్ మనకు ఉందో లేదో చెబుతుంది, అంతే. దారి సరైనదో కాదో చెప్పదు. వీటికి జవాబు చెప్పలేని చోట మీ గాజులు కుదువ పెట్టకండి.

పిల్లలకూ ఒక మాట. మొదలుపెట్టడానికి పైసా అక్కర్లేదు. అమెజాన్ కమాండ్ లైన్ టూల్ ఉచితం. వీపీసీకి, సబ్‌నెట్‌కి, రూట్ టేబుల్‌కి ఫీజు లేదు. ఎన్‌ఏటీ గేట్‌వే మాత్రం గంటల లెక్కన డబ్బు లాగుతుంది, దాని జోలికి పోతే పని అయిన వెంటనే తీసేయండి. అంతకంటే ముందు మీ ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లోనే రూట్ టేబుల్ ఉంది. లినక్స్ అయితే 'ఐపీ రూట్' అని, విండోస్ అయితే 'రూట్ ప్రింట్' అని కొట్టండి.

ఆ ఆదివారం మా వాడితో అదే కొట్టించాను. తెర మీద నాలుగైదు లైన్లు వచ్చాయి. 'డిఫాల్ట్' అన్న చోట హాల్లో గోడకున్న వైఫై డబ్బా చిరునామా కనిపించింది. వాడు తెర వైపు, గోడ వైపు మార్చి మార్చి చూశాడు. "అంటే క్లౌడ్‌లో ఉండేది కూడా ఇదేనా మామూ? సార్ ఇది ఎందుకు చూపించలేదు?" అన్నాడు.

ఆ సవాల్‌కు నా దగ్గర జవాబు లేదు. ఫీజు తీసుకున్నవాళ్లే చెప్పాలి.