యమున ఒడ్డున ఆక్రమణదారు ఎవరు?

హిందీలో 'ఖాదర్' అని ఒక మాట ఉన్నది. వానకాలంలో ఏరు పొంగి కప్పివేసి, నీరు తీసిన తరువాత ఒండ్రు మిగిల్చిపోయే పల్లపు నేలకు అది పేరు. దానికి ఎదుటిమాట 'బాంగర్'. అనగా వరదకు అందని పాత మెరక. ఈ మాటలను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు నేను నిఘంటువు వెదకలేదు. గోదావరి ఒడ్డున పుట్టిన ఎవరికైనా 'లంక' అన్న మాట చాలును. లంకలో రైతు పొగాకు వేస్తాడు, కూరపాదులు పెడతాడు. ఎర్రనీరు వచ్చేసరికి పశువులను తోలుకొని గట్టెక్కుతాడు. నేల తనది మాత్రమే కాదనీ, ఏరుకూడ అందులో భాగస్వామి అనీ అతడెరుగును. లంకలో మేడ కట్టినవానిని ఊరు పిచ్చివాడంటుంది. ఢిల్లీలో మాత్రం అట్టివానిని అభివృద్ధికారకుడన్నారు. నా వాదమంతా ఈ మాటల తేడా గురించినదే.

ఖాదరు స్వభావం ఢిల్లీకి తెలియనిది కాదు. 1639లో షాజహాన్ ఎర్రకోటకు పునాది వేయించి, 1648లో అందులో ప్రవేశించిననాడు యమున ఆ కోట తూర్పుగోడ చెంతనే పారుతుండేది. చక్రవర్తి నదివైపుననే తన మందిరాలు కట్టించుకొన్నాడు. నదివైపుననే గవాక్షాలు తెరిపించినాడు. కాబట్టి నీటి అందం చూస్తూ నివసించవలెనన్న మోజు నేటి ధనవంతులు కొత్తగా కనిపెట్టినది కాదు. కాని ఆయన కట్టినది పడమటి ఒడ్డున, ఎత్తైన నేల మీద. ఏటిని చూచుటకు కిటికీ పెట్టించుకొన్నాడే గాని, ఏటి పడక మీద మంచం వేయించుకోలేదు. నేడు ఆ గోడకూ నదికీ నడుమ రింగురోడ్డు పరచుకొని ఉన్నది.

నగరం పెరిగినకొద్దీ మెరక మీద చోటు కొనలేనివారు పల్లానికి దిగినారు. కరకట్టను హిందీలో 'పుశ్తా' అంటారు. ఆ కట్ట వెంబడి లేచిన గుడిసెలకు యమునా పుశ్తా అన్న పేరు స్థిరపడినది. 1982 ఏషియా క్రీడల కట్టడాలకు రాళ్ళెత్తిన కూలీలెందరో అక్కడ చేరినారు. రిక్షా తొక్కేవారు, చెత్త ఏరుకొని బ్రతికేవారు, పరుల ఇళ్ళలో అంట్లు తోమే స్త్రీలు అక్కడ కాపురముండినారు. ఏరు దాటేదాక ఓడమల్లయ్య, దాటిన తరువాత బోడిమల్లయ్య అన్న సామెత వీరిపట్ల నిజమైనది. నదీతీరపు ఆక్రమణలు తొలగించవలెనని 2003లో ఢిల్లీ హైకోర్టు ఆజ్ఞాపించినది. 2004లో పుశ్తా నేలమట్టమైనది. లక్షకు పైగా జనం చెల్లాచెదరైనారు. కొందరికి మాత్రం బవానా, హోలంబీ కలాన్ వంటి దూరపు చోట్ల చిన్న స్థలాలు దక్కినవి. ఇల్లు వచ్చిన చోట పని లేదు, పని ఉన్న చోట ఇల్లు లేదు.

2006లో నంగ్లా మాచీ వంతు వచ్చినది. ఆ బస్తీవారును, నగరంలోని మరికొన్ని పేటల యువకులును వ్రాసిన రచనలు 2007లో 'బహురూపియా శహర్' అన్న పేర హిందీ గ్రంథంగా వెలువడినవి. ఆ పేరును తెలుగులో 'పగటివేషాల నగరం' అనవచ్చును. ఆ నగరం ఏ వేషం కట్టినదో ఇక చూడవలె.

పుశ్తావాసుల మీద మోపిన నేరాలు రెండు. నదిని మలినం చేసినారన్నది మొదటిది. నది చోటును ఆక్రమించినారన్నది రెండవది. వారిని తరిమిన మరుసటి సంవత్సరమే, 2005 నవంబరులో, తూర్పు ఒడ్డున అక్షరధామ మందిరం తెరచినారు. దాని సరసనే 2010 కామన్వెల్త్ క్రీడల పేరు చెప్పి 34 మేడలు లేపినారు. వాటిలో 1168 విలాసగృహాలు. క్రీడాకారులు కొన్ని దినాలు బసచేసి పోగా, తరువాత అవి కొనగలిగినవారి సొత్తు. ఆ చోటికి పెట్టిన పేరు 'ఖేల్ గావ్', అనగా ఆటల పల్లె. రైతూ, పశువూ, పాదూ లేని ఆ పల్లె అదే నది ఖాదరును ఆనుకొని లేచినది. గుడిసె వేసిన చేతికి ఆక్రమణదారు అన్న బిరుదు, మేడ కట్టిన చేతికి నిర్మాత అన్న బిరుదు!

దీనిని ప్రశ్నించినవారు లేకపోలేదు. వ్యవహారం న్యాయస్థానాలకు ఎక్కినది. 2009 జూలైలో సుప్రీంకోర్టు, ఆ స్థలం నదీగర్భమూ కాదు, వరదమైదానమూ కాదని నిర్ణయించినది. తీర్పు తీర్పే. కాని కట్ట వేసినంత మాత్రాన పల్లం మెరక అగునా అని అడిగే హక్కు పౌరునికి పోదు. 2000లో మరొక వ్యాజ్యంలో ఆ న్యాయస్థానమే, ప్రభుత్వభూమిని ఆక్రమించినవానికి ఉచితంగా వేరొక స్థలమివ్వడం జేబుదొంగకు బహుమానమివ్వడం వంటిదని వ్యాఖ్యానించినది. 2009లో ఆటల పల్లె నిర్మాతకు సొమ్ము కొరవడినప్పుడు ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వందల కోట్ల రూపాయలకు ఫ్లాట్లు ముందే కొని ఆదుకొన్నది. పేదవానికి ఇచ్చే పాతిక గజాలు బహుమానమైతే, దీనిని ఏమనవలె? నాకు తెలిసిన రెండు భాషలలోనూ దీనికి మర్యాదైన మాట దొరకలేదు.

న్యాయస్థానాలు మాట్లాడిన తరువాత నది మాట్లాడినది. 1978లో ఢిల్లీ పాత వంతెన వద్ద యమున 207.49 మీటర్ల ఎత్తుకు చేరినది; ఆనాడు ఎగువన తాజేవాలా వద్ద విడిచిన నీరు ఏడు లక్షల క్యూసెక్కులు. 2023లో హథినీకుండ్ వద్ద విడిచినది దానిలో ఇంచుమించు సగం మాత్రమే. అయినను జూలై 13న నది 208.66 మీటర్లకు లేచినది. సగం నీటికి ఒక మీటరుకు పైగా ఎత్తు! భారీవర్షాలు ఒక కారణం. పూడిన ఇసుకమేటలు మరొకటి. ఐ.టి.ఓ. బ్యారేజీ 32 గేట్లలో ఐదు తెరుచుకోకపోవడం ఇంకొకటి. కాని వీటన్నిటికీ అడుగున ఉన్నది, కట్టలతో, వంతెనలతో, కట్టడాలతో నది పడకను ఇరుకుచేసిన మన పనియే. నీరు ఎర్రకోట గోడ దాకా వచ్చినది, రాజఘాటు మునిగినది. షాజహాన్ కాలంనాటి తన పట్టాను యమున తానే తీసి చూపినట్లయినది.

సుందరీకరణ పక్షంవారు ఇక్కడ ఒక ఆక్షేపణ చేస్తారు: గుడిసెలు నదిని చెరచలేదా అని. లెక్క చూడుడు. వజీరాబాదు నుండి ఓఖ్లా దాకా ఇరవైరెండు కిలోమీటర్లు; అది యమున పొడవులో రెండు శాతమైనా లేదు. నదిలోని మాలిన్యంలో సుమారు నాలుగింట మూడు వంతులు అక్కడనే చేరుతున్నది. అది వచ్చేది నజఫ్‌గఢ్ మొదలైన పెద్ద మురుగుకాలువల ద్వారా. అనగా నగరమంతటి ఇళ్ళనుండి, కర్మాగారాలనుండి. పుశ్తా కూలి ఇరవై ఏండ్లు దాటినది, నీరు తేటపడలేదు. పైగా, 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వరదమైదానంలో కట్టడాలను నిషేధిస్తూ, నీరు విషమైనందున అక్కడ తినే పంటలు పండించరాదని కూడ ఆదేశించవలసి వచ్చినది. మురుగు నగరానిది, కోల్పోయిన పాదు రైతుది.

రెండవ ఆక్షేపణ మరింత గౌరవించదగినది: మునిగే నేలలో పేదలను ఉండనిమ్మంటావా అని. అనను. వరద వచ్చినప్పుడు మొట్టమొదట మునిగేది వారే. కాని వారిని లేవదీయుటకు ముందే, పనికి నడిచిపోగలిగే దూరంలో, మెరక మీద చోటు చూపవలెనంటాను. 2025 జూన్ 1న జంగ్‌పురా చెంత బారాపుల్లా కాలువగట్టున ఉన్న మద్రాసీ క్యాంపును కూల్చినారు. సుమారు 370 ఇళ్ళు, ఎక్కువమంది తమిళులు. వారిలో 189 కుటుంబాలను మాత్రమే నగరపు ఉత్తరపు కొసన ఉన్న నరేలాలో ఫ్లాట్లకు అర్హులన్నారు. తక్కినవారి పేర్లు ఏ జాబితాలో వెదకవలె?

ఇది ఢిల్లీ గొడవ, మనకేమి అని తెలుగు పాఠకుడు పుట తిప్పరాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు ఆనాటి పాలకులు వరదను ఎగువననే నిలుపుటకు రెండు జలాశయాలు కట్టించినారు. 2024లో ఆ మూసీ తీరాన, చాదర్‌ఘాట్ ప్రాంతపు ఇళ్ళ గోడలమీద ఎర్రరంగు గుర్తులు పడినవి. నదిని బాగుచేయుటకే అన్నారు. మంచిది. ఆ గుర్తులు తుడిచిన చోట రేపు ఏమి లేచునో, చెట్లా, మేడలా, అదే ఆ మాటకు పరీక్ష.

నేను కోరేది మూడు మాటలలో ముగియును. ఖాదరు ఖాదరుగానే ఉండవలె. అందులో గుడిసెకు తగిలే న్యాయం మేడకూ తగలవలె. లేచిపోవలసినవానికి ముందుగా చోటు, తరువాతనే గునపం. ఇవి లంకరైతుకు ఎవరూ నేర్పకుండనే తెలిసిన నీతులు. ఏటితో అతడు చేసుకొన్న ఒప్పందంలో సంతకాలు లేవు, ముద్రలు లేవు. అయినను ఏరు ఆ ఒప్పందం తప్పలేదు. తప్పినది మనమే గనుక, ఆక్రమణదారు అన్న మాటను ఇక ఎవరిమీద వ్రాసినను ముందు అద్దం చూచుకొని వ్రాయవలె.