దైవభక్తియు ధర్మజ్ఞానమును

దేవుని నమ్మనివానికి ధర్మము తెలియదనియు, జ్ఞానమునకు సయితము భక్తియే మూలమనియు వాదించువారు మన పట్టణములలో నేటికిని తక్కువగా లేరు. ఈ వాదమును తర్కగ్రంథములలోకంటె మొయినాబాదు చెంతనున్న చిలుకూరిలో పరీక్షించుట సులభము.

ఉస్మాన్‌సాగరు తీరమందలి ఆ బాలాజీ యాలయమున హుండీ లేదు; ధనికునకు వేరు దర్శనపు టిక్కెట్టును లేదు. కోరిక గలవారు 11 ప్రదక్షిణములు చేయుదురు. అది నెరవేరినచో మరలివచ్చి 108 చేయుదురు. విదేశములకు బోవ నభిలషించు యువకులు వేలుగా వచ్చుటచే స్వామికి వీసా బాలాజీ యను పేరు కలిగినది. వీసా రానివాడు 108 ప్రదక్షిణములకు రాడు గదా! తిరిగివచ్చినవారినే చూచి ఫలము నిశ్చయమనుట పద్దులో సగము చెఱిపి కూడిక వేయుట వంటిది. భక్తి ఆ యువకునకు ధైర్యమొసగవచ్చును, అది చిన్న మేలు కాదు. కాని నిజానిజములు తేల్చు పని దానిది కాదు.

ధర్మము మాట యింతకంటె గంభీరమైనది. 2018 ఏప్రిలులో ఈ యాలయపు అర్చకులు శ్రీ సి. యస్. రంగరాజన్‌గారు హైదరాబాదు జియాగూడ రంగనాథాలయములోనికి ఒక దళిత భక్తుని తమ భుజములపై మోసికొనిపోయిరి. ఆ కార్యమునకు మేము నమస్కరించుచున్నాము. దానికి ఆదర్శమైన తిరుప్పాణాళ్వారుల కథను మాత్రము చదువరులు మొదటినుండి తలంచుకొందురుగాక. లోకసారంగముని ఆళ్వారుపై రాయి విసరిననాడును పరమభక్తుడే! స్వామియే మందలించినగాని ఆయనకు తన తప్పు తెలియలేదు. గుడి తలుపులు మూసినవారును తెఱచినవారును ఒక్క దేవుని పేరే చెప్పిరి. వారిలో ఎవరిది ధర్మమో తేల్చునది మఱియొకటి యుండవలెను.

దేవుడే లేడన్న గోరాగారి సంగతి యేమి? 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిన ఆయన, అస్పృశ్యతను రూపుమాపుటకై తమ కుమార్తెకు దళిత యువకునితో వివాహము చేయ సంకల్పించిరి. పరమాస్తికుడగు గాంధీమహాత్ముడు దానిని సేవాగ్రామమున జరిపింప నంగీకరించి, దేవుని పేరునకు బదులు సత్యము పేర జరుపుటకును సమ్మతించెను. ఆయన మరణానంతరము 1948 మార్చిలో అచటనే ఆ పెండ్లి జరిగినది. నాస్తికునకు నీతి లేదనువారు మహాత్ముడేల ఒప్పుకొనెనో చెప్పవలసియున్నది.

చేవెళ్ల, మొయినాబాదులలో ఈ వాదమునకు దిగు ఆస్తికమిత్రులు తమతమ యూళ్ల గుళ్లలో ఎవరెచట నిలిచి మ్రొక్కుచున్నారో ముందుగా చూచి రావలెనని మా కోరిక.