చీకటితో ముగిసే కీర్తన

గత ఆదివారం మా తాకేటా సంఘంలో ఆరాధన అయ్యాక ఒక కుర్రాడు నన్ను పక్కకి పిలిచాడు. "బాబాయ్, మనసు గాయాలు దేవుడు మానుస్తాడంటారు కదా. ఎన్నాళ్లకి?" ఈ ఏడాదే వాళ్ల నాన్న పోయాడు. నోటికొచ్చిన వాక్యం ఏదో చెప్పబోయి ఆగాను. ఒకప్పుడు నాకూ అలాంటి వాక్యాలు చాలామంది చెప్పారు.

1959లో పట్నంలోని గుడిసెలు ఖాళీ చేయించి, పజూన్‌డౌంగ్ వాగుకి ఇవతల స్థలాలిచ్చినప్పుడు మా తాత ఇక్కడికొచ్చాడు. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ రేవులో కూలికి చేరినవాడు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు మమ్మల్ని కోరంగీలనేవారు. 1930 మే నెలలో రేవు పని దగ్గర మొదలైన అల్లర్లలో తెలుగు కూలీలు ఎందరో చనిపోయారు. మా ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. "పోయినోళ్ల మాట మనకెందుకు?" అనేది నాయనమ్మ. ఏడుపు మింగడం మాకు వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తి.

2021 జులైలో యాంగూన్ అంతా ఆక్సిజన్ కోసం పరుగులు పెట్టింది. కర్ఫ్యూ విడవగానే సిలిండర్ తోపుడుబండి మీద వేసుకుని వెళ్లి వరసలో నిలబడ్డాను. నింపించుకుని తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో వదిన కూర్చుని ఉంది. ఆమె ముఖం చూశాక లోపలికి వెళ్లబుద్ధి కాలేదు. అన్నయ్యకి అప్పటికి రెండేళ్లుగా నాతో మాటల్లేవు, ఇంటి వాటా దగ్గర వచ్చిన తగువు.

"దేవుని చిత్తం తమ్ముడూ", "మంచి చోటికే వెళ్లాడు", "ఏడిస్తే విశ్వాసం లేనట్టే". పాపం, అందరూ మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టుండేది. సంఘానికి వెళ్లడం మానేశాను.

ఒక పెద్దమ్మ మాత్రం వారానికోసారి వచ్చి కూర్చునేది. ప్రార్థన చేద్దామని కూడా అనేది కాదు. ఒకరోజు తన పాత తెలుగు బైబిలు నా చేతిలో పెట్టి ఎనభై ఎనిమిదో కీర్తన చదవమంది. చదివాను. మిగతా విలాప కీర్తనల్లో చివర ఎక్కడో కాస్త వెలుగు కనిపిస్తుంది. ఇందులో మొర పెట్టేవాడు మొర పెడుతూనే ఉంటాడు, కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది. "దీన్నెవరూ తీసెయ్యలేదు నాయనా, గ్రంథంలోనే ఉంచారు" అంది. ఆ రాత్రి మొదటిసారి దేవుడితో పోట్లాడాను. నాకు తెలిసి అదే నా మొదటి నిజమైన ప్రార్థన.

ఇక్కడి బర్మా ఆరాధనల్లో చదివే బైబిలు జడ్సన్ అనువాదం. 1826 అక్టోబరులో భార్య ఆన్ చనిపోయినప్పుడు ఆయన ఆమె దగ్గర లేడు, ఊరికి దూరంగా ఉన్నాడు. కబురు ఉత్తరంలో అందింది. ఆరు నెలలకి పసిపాప మరియా కూడా పోయింది. ఆ తర్వాత ఆయన అడవిలో గుడిసె వేసుకుని, తన కోసమే గొయ్యి తవ్వుకుని, దాని పక్కన కూర్చునేవాడట. బైబిలు అనువాదం 1834లో పూర్తయింది. ప్రసంగాల్లో ఆ అనువాదం గురించే చెబుతారు, గొయ్యి గురించి చెప్పరు. నాకు మాత్రం ధైర్యమిచ్చింది ఆ గొయ్యే.

యోహాను సువార్తలో ఇంకో సంగతుంది. తిరిగి లేచిన తర్వాత కూడా యేసు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. తోమాకి చూపించింది వాటినే. మానడం అంటే మచ్చ లేకుండా పోవడమనే నేను చాలాకాలం అనుకున్నాను.

జులై వస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. వదినతో కలిసి అన్నయ్య పేరు పెట్టి ప్రార్థన చేస్తాం. తగువు సంగతి కూడా దాచకుండా చెప్పుకుంటాను. ఆ సిలిండర్ చాలాకాలం వరండాలోనే పడి ఉండేది. కిందటేడు పక్కవీధిలో ఆయాసపడుతున్న ముసలాయనకి ఇచ్చేశాం.

కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. "మీ నాన్న మొహింగా ఎలా తినేవాడ్రా?" అని అడిగాను. వాడు కాసేపు నేల చూశాడు. "అందులో మన చింతపండు పులుసు పోసుకునేవాడు బాబాయ్. అమ్మ తిట్టేది" అన్నాడు. నవ్వాడు. తర్వాత చాలాసేపు ఏడ్చాడు. నేను పక్కనే కూర్చున్నాను.