ఇంటిపేరుంది, ఇల్లే లేదు

బ్యాంకు మేనేజరు నా కులం అడగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తన్నా. ఎందుకంటే ఇది చదివి, "బ్యాంకులో కులమేంటండీ, అక్కడంతా రూల్సే కదా" అనేవాళ్లు ఉంటారు. నిజమే, అడగలేదు. కుర్చీ చూపించాడు, మాస్టారూ అన్నాడు, టీ కూడా తెప్పించాడు. కాయితాలు అడిగాడు, అంతే. ఆ కాయితాల్లోనే ఉంది నా కులమంతా.

నేను బాపట్ల దగ్గర ఒక మాదిగపల్లెలో పుట్టినోణ్ణి. మా నాయన ఊళ్లో కామందు దగ్గర ముప్పై ఏళ్లు పాలేరుతనం చేశాడు. మాయమ్మ నాట్లకీ, కలుపులకీ, కుప్పనూర్పిళ్లకీ పోయింది. పల్లెలో మా ఇంటికి నిట్టాడి ఉంది, తాటాకు ఉంది, కాయితం లేదు. 2010లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. గుంటూరులో ఎనిమిదేళ్లు అద్దె కొంపల్లో తిరిగా. ఐదిళ్లు మారా. మారినప్పుడల్లా గేటు దగ్గర అదే ప్రశ్న: "మీ ఇంటిపేరేంటి మాస్టారూ?" ఇంటిపేరు చెప్పంగానే మాట మారిపోయేది. "మా చుట్టాలబ్బాయి వస్తానన్నాడండీ." "ఆ పోర్షను మా అమ్మాయికి ఉంచాం." నిన్నటిదాకా టు-లెట్ బోర్డు ఉన్న ఇంటికి ఇయ్యాల చుట్టం పుట్టుకొస్తాడు. తెలుగులో ఇల్లు లేనోడికీ ఇంటిపేరుంటది. మాకైతే ఆ పేరే ఇల్లు దొరక్కుండా చేస్తది.

1917లో అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయాడు. అమెరికాలో, లండన్‌లో చదువుకొచ్చిన మనిషికి ఊరు మొత్తమ్మీద ఒక గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు చెప్పుకుని తలదాచుకుంటే, సంగతి తెలిసి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆయనే 1930ల్లో బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టుకున్నాడు. పుస్తకాల కోసం కట్టుకున్నాడని అందరూ చెప్తారు. అద్దె ఇంటి గేటు ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు ఇంకోటి తోచేది: ఇంకెవడూ "పో" అనకుండా ఉండటానికి కూడా కట్టుకుని ఉంటాడు.

ఆ కసితోనే 2018లో ఇల్లు కొనాలనుకున్నా. ఊరి చివర రెండు గదుల పాత డాబా. అమ్మేవాళ్లు 20 లక్షలు చెప్పారు. నెలజీతం ఉంది, ఫారం 16 ఉంది, ఇంకేం కావాలి అనుకుని బ్యాంకుకి పోయా.

మొదట స్కోరు చూశారు. నాకు వచ్చింది మైనస్ ఒకటి. భయపడి అడిగితే గుమస్తా నవ్వాడు: "మీరు ఇంతవరకూ ఎక్కడా అప్పు తీసుకోలేదండీ, అందుకు." అప్పు లేని మనిషా నేను? మాయమ్మ అప్పు చేయని ఏడు లేదు. పురిటికి అప్పు, చావుకి అప్పు, నా పరీక్ష ఫీజుకి అప్పు. నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ, నూటికి మూడు కూడా. కూలికి పోయి, ఎండనకా వాననకా ఒంగి, పైసలతో సహా కట్టింది. ఒక్క నోటు కూడా ఎగ్గొట్టలా. ఆ నిజాయితీ ఏ కంప్యూటరుకీ ఎక్కలా. కామందు గల్లాపెట్టెలో నోట్లయితే ఉన్నాయి గానీ, అవి ఆయన వసూలుకి సాక్ష్యం, మాయమ్మ నమ్మకానికి కాదు. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. నాకు బ్యాంకు చెప్పిన వడ్డీ ఎనిమిదిన్నర శాతం. ఉన్నోడికి ఎనిమిదిన్నరకి దొరికే డబ్బు లేనోడికి 24కి దొరుకుద్ది. బీదోడు అప్పు ఎగ్గొడతాడని ఎవురన్నా అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

తర్వాత బ్యాంకు ఇంజనీరు ఇల్లు చూడ్డానికి వచ్చాడు. గోడలు కొట్టి చూశాడు, శ్లాబు చూశాడు, బాగుందన్నాడు. తర్వాత వీధిలోకొచ్చి అటూ ఇటూ చూసి, "వెనకాల ఉన్నది కాలనీయేనా?" అన్నాడు. కాలనీ అంటే మా కాలనీ. 18 లక్షలని విలువ కట్టాడు. ఇటుకలూ సిమెంటూ ఎక్కడైనా ఒకటే కదా సార్ అంటే, "మార్కెట్ అండీ, రేపు మేం అమ్ముకోవాల్సొస్తే పోవాలి గదా" అన్నాడు. మార్కెట్ అనే పెద్దమనిషికి కులం పట్టింపు ఉందన్నమాట. మేం పక్కన ఉంటే రేటు పడిపోద్ది. రేటున్న చోట మాకు అమ్మరు. 1985లో కారంచేడులో ఆరుగుర్ని చంపితే మాదిగపల్లె చీరాలకి పారిపోయింది. చాలామంది మళ్లీ పోలేదు, చీరాలలోనే కాలనీ కట్టుకున్నారు. వాళ్లు వదిలొచ్చిన ఇళ్లకి ఏ ఇంజనీరు ఏం విలువ కడతాడు?

ఇక మార్జిను. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల్లోపు అప్పయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. 18 లక్షల మీద లెక్కేసి 16 లక్షలు ఇస్తామన్నారు. ఇల్లు 20 లక్షలు. స్టాంపులూ రిజిస్ట్రేషనూ ఆ లెక్కలోకి రావు, అవి మన చేతివి. అంటే ఐదున్నర లక్షలు నా దగ్గర ముందే ఉండాలి. నా తోటి టీచర్లకి ఈ ఐదున్నర లక్షలు ఎట్టా వచ్చినయ్యో నాకు తెలుసు. ఒకాయనకి మావగారు పొలం అమ్మి ఇచ్చాడు. ఇంకొకాయనకి తాత ఇచ్చిన స్థలంలో వాటా వచ్చింది. వాళ్లని తప్పుబట్టటం లేదు. కానీ వాళ్లే స్టాఫ్ రూములో కూచుని, "జీతాలు ఒకటే, పొదుపు తెలీదు మీవాళ్లకి" అంటారు. జీతం ఒకటే. జీతానికి ముందున్నది ఒకటి కాదు. నా జీతంలోంచి చెల్లెలి పెళ్లి అప్పు, నాయన ఆస్పత్రి, తమ్ముడి హాస్టలు పోయినయ్యి. వాళ్లది పైన కట్టుకునే డబ్బు, నాది గుంట పూడ్చుకునే డబ్బు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని సామెత చెప్పినోడికి స్థలం ముందే ఉండుంటది.

అన్నిటికన్నా కష్టం ష్యూరిటీ. "ఆస్తి ఉన్న మనిషి సంతకం కావాలి మాస్టారూ. లేదా మీదే ఏదన్నా భూమి ఉంటే చూపించండి" అన్నాడు మేనేజరు.

భూమి ఉంది. మాయమ్మ పేరు మీద అరెకరం. ప్రభుత్వం ఇచ్చిన డి-ఫారం పట్టా. ట్రంకుపెట్టెలో, పాత చీరలో చుట్టి దాచిన కాయితం. తీసుకుపోయి చూపించా. మేనేజరు ఒక పక్క చూసి తిప్పి ఇచ్చేశాడు. "ఇది అసైన్డు. పనికిరాదు."

ఇక్కడ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ కాస్త నిదానంగా చదవాలి. మనకిచ్చిన భూములు అమ్మకూడదు, కొనకూడదు అని 1977 నాటి 9వ నంబరు చట్టం చెప్తది. ఆ చట్టం ఊరికే రాలేదు. ఇచ్చిన భూమిని కామందులు అప్పుల కింద, సారా కింద, బెదిరింపు కింద లాక్కుంటుంటే వచ్చింది. అట్టా కొన్నది చెల్లదు, పట్టాదారుకి తిరిగి ఇప్పించొచ్చు. మంచి చట్టమే. అదే చట్టంలో ఇంకో సెక్షనుంది. ప్రభుత్వానికో, సహకార సంఘానికో, షెడ్యూల్డు బ్యాంకుకో తనఖా పెడితే ఈ నిషేధం వర్తించదని. అంటే చట్టం కామందుని వద్దంది, బ్యాంకుని వద్దనలేదు. మరి జరిగేదేంటి? బ్యాంకు వద్దంటది. కామందు దున్నుకుంటాడు.

అవును, మాయమ్మ అరెకరం దున్నేది కామందే. నాయనకి జబ్బు చేసినప్పుడు ఐదు వేలు ఇచ్చి, "తీరేదాకా నేను చేసుకుంటాలే" అన్నాడు. పాతికేళ్లయినా అది తీరలేదు. తీరిందని ఆయన చెప్పాలి గదా.

సిగ్గు విడిచి చెప్తన్నా, నేను ఆ కామందు దగ్గరికే పోయా. ఇల్లు మీద ఆశ అట్టాంటిది. ఊళ్లో ఆస్తి ఉన్న మనిషి ఇంకెవరున్నారు నాకు? ప్యాంటూ చొక్కా వేసుకుని, చేతిలో బ్యాంకు ఫారంతో ఆయన వసారా మెట్ల కింద గంటసేపు నిలబడ్డా. బళ్లో నేను కుర్చీలో కూచుంటా. అక్కడ నా కాళ్లు వాటంతటవే మెట్టు కింద ఆగినయ్యి. అది ఆయన చెప్పి చేయించింది కాదు. అది మా నాయన కాళ్లు నాకిచ్చిన ఆస్తి.

"ఏరా, మేష్టరయ్యావంటగా? సంతకవేఁగా, పెడతాలే" అన్నాడు నవ్వుతా. "మీ అమ్మని ఒకసారి రమ్మను. ఆ అరెకరం సంగతి తెల్లకాయితం మీద ఏలిముద్ర ఏయించుకుందాం. నాకూ నిశ్చింత, నీకూ ఇల్లు."

ఇంటికొచ్చి మాయమ్మకి చెప్పా. చెప్పేటప్పుడు నా గొంతులో ఎక్కడో, ఏస్తే ఏమవుద్దిలే, ఎట్టాగూ మన చేతిలో లేదు గదా అన్న ధోరణి ఉంది. ఆమె చేటలో బియ్యం ఏరతా ఉంది. తల ఎత్తలేదు.

"నాయనా, ఆ కాయితం ఉంటేనే గదా వాడు నిశ్చింతగా పడుకోలేంది. ఆ భయం కూడా నేనే తీసెయ్యాలా? నువ్వు అద్దింట్లోనే ఉండు. లేకపోతే వచ్చి పల్లెలో ఉండు."

అంతే. ఇంకో మాట అనలేదు. బీఈడీ చదివిన నాకు తెలీని చట్టం ఏలిముద్ర మనిషికి తెలుసు.

ఇల్లు కొన్నా. ఎట్టా కొన్నానో చెప్పాలి, ఎందుకంటే ఇది బ్యాంకు గొప్ప కాదు. మా దళిత టీచర్లం పదిమందిమి చాన్నాళ్లుగా చీటీ నడుపుకుంటన్నాం. నా అవసరం చూసి ఇద్దరు పాట మానుకున్నారు, నేను పాడుకున్నా. మిగతాది పదివేలూ ఇరవై వేలూ చేబదుళ్లు, వడ్డీ లేకుండా. ష్యూరిటీకి ఒక మాల మాస్టారు, ఒక సాయిబు మాస్టారు సంతకాలు పెట్టారు. ఇద్దరూ వాళ్ల ఇళ్ల మీద ఇంకా వాయిదాలు కడతన్నవాళ్లే. 16 లక్షలకి 20 ఏళ్లు, నెలకి 13,885. ఆ వడ్డీనే మొత్తం కాలం నడిస్తే 33 లక్షల పైచిలుకు. దస్తావేజులు బ్యాంకు బీరువాలోకి పోయినయ్యి.

గృహప్రవేశం నాడు మాయమ్మ రెండు గదులూ తిరిగి చూసింది. గోడ చేత్తో తడిమింది. "దీని కాయితం ఏదీ?" అంది. బ్యాంకులో ఉందమ్మా, అప్పు తీరాక ఇస్తారు అన్నా. "నాకేవో కాయితం నాది, నేల వాడిది. నీకేవో ఇల్లు నీది, కాయితం వాళ్లది" అంది. నవ్వలేదు. ఆ సాయంత్రమే మళ్లీ అంది, "నీ పని అయింది గదా, ఇప్పుడు నా అరెకరం సంగతి చూడు" అని.

2023లో ఆంధ్రప్రదేశ్‌లో 20 ఏళ్లు నిండిన అసైన్డు భూములకి అమ్ముకునే హక్కు ఇస్తా సవరణ తెచ్చారు. ప్రభుత్వం మారాక 2024లో ఆ భూముల రిజిస్ట్రేషన్లు నిలిపి విచారణ పెట్టారు. రెండు పార్టీలూ మమ్మల్ని ఉద్ధరించామనే చెప్తన్నాయి. నేనొకటి అడుగుతా. మాకు అమ్ముకునే హక్కు ఎవురడిగారు? లేనోడికి అమ్ముకునే హక్కు ఇస్తే అది కొనేవాడి హక్కే అవుద్ది. మేం అడిగేది నిలుపుకునే హక్కు. చట్టంలో ఉన్న తనఖా సెక్షను బ్యాంకు గుమ్మం దాకా రావాలి. కామందుకి పనికొచ్చే భూమి బ్యాంకుకి ఎందుకు పనికిరాదో రాసి ఇవ్వమనాలి, నోటితో చెప్పి పంపటం కాదు. ఇంటికి విలువ కట్టేటప్పుడు వెనక వీధి కులం చూడకూడదు. అద్దె, చీటీ, కరెంటు బిల్లు ఏళ్ల తరబడి తప్పకుండా కట్టినోణ్ణి అప్పు తెలియనోడి కింద లెక్కెయ్యకూడదు. తాతల ఆస్తి చూపించలేనోడికి మార్జిను డబ్బు ప్రభుత్వం పెట్టాలి. తాతల ఆస్తి లేకుండా చేసిందెవరో అందరికీ తెలుసు గనక ఇది దయ కాదు, బాకీ.

చదువుకునే పిల్లలకి ఒక పని చెప్తా. ఈసారి సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ అమ్మ ట్రంకుపెట్టె తెరవండి. పట్టా ఉంటే బయటికి తీయండి, సర్వే నంబరు చూడండి, ఆ నేల ఎవురు దున్నుతున్నారో పోయి చూసి రండి. తెల్లకాయితం మీద ఏలిముద్ర ఎవురడిగినా వెయ్యనియ్యకండి.

మాయమ్మ, నేను తహసీల్దారుకి అర్జీ పెట్టాం, 1977 చట్టం కింద, అరెకరం తిరిగి ఇప్పించమని. నాలుగుసార్లు వాయిదా పడింది. కామందు కబురు పంపాడు, కూచుని మాట్లాడుకుందాం రమ్మని. ఈసారి మెట్ల కింద నిలబడే పని లేదు. ఆఫీసుకి రమ్మన్నాం.