బోరు నీళ్లు, వెన్నుపాము

ఎండలు ముదిరే కొద్దీ కర్నూలు, కడప పల్లెల్లో బోర్లు ఇంకా లోతుకు దిగుతాయి. రాతి పొరల్లోంచి పైకొచ్చే ఆ నీళ్లలో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. అందుకే ఈ సంచికను నీళ్లకూ నరాలకూ ఉన్న సంబంధానికి కేటాయించాం.

మాకు దారి చూపింది న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి పరిశోధన. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు పల్లెల్లో, ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు 1937లోనే నమోదు చేశారు. గారపళ్లు అందరికీ కనిపించేవే. రాజారెడ్డిగారు వెన్నులోకి చూశారు. ఎముక పెరిగి, లిగమెంట్లు గట్టిపడి, వెన్నుపామును నొక్కేస్తాయి. కాళ్లు బిగుసుకుపోతాయి. మెడ తిరగని మనిషి పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. నిమ్స్ డైరెక్టరుగా పనిచేసిన ఆయన, 2009లో కూడా ‘న్యూరాలజీ ఇండియా’లో దీని మీదే రాశారు. పాత నాణేల అధ్యయనంలోనూ ఆయనది పెద్ద పేరు. నాణేలను పరిశీలించే ఆ ఓపికే ఈ పరిశోధనలోనూ కనిపిస్తుందని మా నమ్మకం.

ఆపరేషన్ వెన్నుపాము మీది ఒత్తిడి తగ్గించగలదు గానీ, ఊరి నీళ్లను మార్చలేదు. కాబట్టి ఈసారి డాక్టర్లతో పాటు నీళ్ల ఇంజనీర్లకూ, బిందెలు మోసే ఆడవాళ్లకూ పేజీలిచ్చాం.